ఎగరని విమానాల కావలి

మా మేనమామ పోయాడన్న కబురు నార్కట్‌పల్లి బస్సు కండక్టరు తెచ్చాడు. బడి గేటు దగ్గర బస్సు ఆపించి, కిందికి దిగకుండానే కిటికీలోంచి అరిచాడు. "టీచరమ్మా, మీ మామ పొద్దుగాల పోయిండట. మీ అత్త జర జల్ది రమ్మన్నది!" చావు కబురు ఇలాగేనా చెప్పేది అని అతని మీద మండిపడ్డాను. ఆ కోపం నా మీద నాకేనని బస్సులో కూర్చున్నాక తెలిసింది. మామ ఊరు గంట ప్రయాణం. నేను ఆ గడప తొక్కి ఎనిమిది నెలలయింది.

మాది మగ్గాల వాడకట్టు. మామ మగ్గం దిగి విమాన దళంలో చేరాడంటే పైలట్ అనుకునేరు, కాదు. ఆ కాలపు విమానాల తోకలకూ రెక్కల చివర్లకూ గుడ్డ కప్పేవారు. ఆ గుడ్డ కుట్టే పని మామది. నేల మీద గుడ్డ పరిస్తే ఎవరినీ దాటనిచ్చేవాడు కాదట, మా ఇళ్లలో మగ్గానికి సాచిన పడుగు నూలును దాటం కదా. తర్వాత ఆయన్ను ఉత్తరాదిన పాత విమానాలు నిలబెట్టే చోటికి వేశారు. రెండో ప్రపంచ యుద్ధమయ్యాక పరాయి సైన్యాలు వదిలిపోయినవీ, వయసు మీరినవీ, అవసరానికి ఉంటాయని పక్కన పెట్టినవీ అక్కడ వరుసగా నిలబడి ఉండేవట. ఒకదాని చక్రం ఊడదీసి ఇంకోదానికి బిగించమన్న రోజున మామ సరిగా అన్నం తినేవాడు కాదని అత్త చెప్పేది. అన్నేళ్లూ ఆయన విమానమెక్కి ఎగిరింది మాత్రం లేదు.

సెలవుకు వస్తే అరుగు మీద చేరి అందరం కథలు వినేవాళ్లం.

"అమెరికాల ఒక ఎడారి ఉన్నదట. ఆడ వేల విమానాలు నిలవెడ్తరట. వాన పడది, తుప్పు వట్టది," అన్నాడొకసారి.

మా అమ్మ వెంటనే అందుకుంది. "గట్లయితె మన పాలమూరుకే తోలుకరారాదు తమ్మీ! ఆడ గూడ వాన పడ్తలేదు గద!"

తన తప్పులు కూడా తనే చెప్పి నవ్వించేవాడు. ఇంజిన్ల మూతికి కట్టే గుడ్డలు దుమ్మును ఆపడం లేదని, మన ఇంటి అలవాటు కొద్దీ వాటికి చిక్కగా గంజి పెట్టాడట. అవి ఆరి అట్టల్లా బిగుసుకున్నాయి. ఆఫీసరు భేష్ అన్నాడు. నాలుగు రోజులు తిరక్కుండా ఎలుకలు ఆ రుచి మరిగి, గుడ్డలన్నీ కొరికి, ఇంజిన్లలో కాపురం పెట్టాయి. "విమానాలకు అన్నం వెట్టినోన్ని నేనొక్కన్నే," అనేవాడు.

నా పెనిమిటి పోయేనాటికి నాకు పందొమ్మిదేళ్లు. పుట్టింటికి తెచ్చి మూలగదిలో కూర్చోబెట్టారు. వచ్చిన వాళ్లంతా "అయిపాయె పిల్ల బతుకు" అని ముక్కు చీది వెళ్లేవారు. మామ వచ్చాడు. ఏడవలేదు. నా ఎదురుగా కూర్చుని విమానాల సంగతి ఎత్తుకున్నాడు.

"బిడ్డా, పక్కకు వెట్టిన విమానం ఉంటది సూడు, దాని ముందటి పంకను వారానికోపారి చేత్తోని తిప్పుతం. తిప్పకుంటె లోపల పట్టేస్తది. అది మల్ల ఎగురుతదా, ఎగరదా అని మేమడుగం. పిలుపొచ్చిననాడు లేవాలె, గంతే."

నాకు ఒళ్లు మండిపోయింది. "నేను నీకు పాత ఇనుము లెక్క కనవడుతున్ననా మామా?" అని అరిచాను. పుట్టింటికి వచ్చాక నేను గొంతెత్తడం అదే మొదలు.

మామ నవ్వాడు. "ఆఁ, తిరిగింది," అన్నాడు.

మర్నాడు నా ఒళ్లో ఏడో తరగతి పుస్తకాలు పడేశాడు. లోకులేమంటరని అమ్మ భయపడితే, "లోకులను నాతాన పంపియ్యి అక్కా," అన్నాడు. సెలవు ముగిసి వెళ్లాక వారం వారం కార్డు వచ్చేది. అందులో రెండే మాటలు. "ఏం చదివినవు? జవాబు రాయి." మొదట్లో ఆ జవాబు రాయడానికే చదివాను. పరీక్షలయ్యాయి, ట్రైనింగయింది, నల్లగొండలో ఉద్యోగమొచ్చింది. కిరాయి గదిలో నా పేరున దిగిన రోజున ముందు మామకే కార్డు రాశాను.

మూడేళ్ల కింద ఆయన నౌకరీ ముగించుకుని ఊరు చేరాడు. పిల్లలు లేరు. మగ్గం మీద కూర్చుందామంటే నడుము ఒప్పుకోలేదు. నేనేమో పరీక్ష పేపర్లు, ఓటర్ల లిస్టు అంటూ వచ్చే ఆదివారం వెళ్దాం, ఆ పై ఆదివారం వెళ్దాం అని జరుపుతూ వచ్చాను. ఒక్క కార్డుముక్కకు నాకు తీరిక లేకపోయింది. నన్ను తుప్పు పట్టనివ్వని మనిషిని నేను అలా ఒక మూల వదిలేశాను. ఇందుకు నా దగ్గర ఏ సాకూ లేదు.

దినాలయ్యాక అత్త కాగితం చుట్టిన చెప్పుల జత తెచ్చి నా చేతిలో పెట్టింది. పోయినేడు నేను కొనిచ్చినవే.

"తొడుక్కోనే లేదా అత్తా?"

"యాడ తొడుక్కున్నడు బిడ్డా! 'కోడలు నల్లగొండకు పిలుస్తది, గప్పుడు ఏసుకపోత' అన్నడు. ఐతారం ఐతారం బయటికి తీసుడు, తుడుసుడు, నల్లగొండ బస్సు పోయినంక మల్ల లోపల వెట్టుడు."

చెప్పులు తిరగేసి చూశాను. అడుగున ఎక్కడా మట్టి లేదు. అచ్చు వేసిన నంబరు కూడా అరగలేదు.