నడినెత్తిన రంధ్రం

మొన్న కుప్పంలో మా పాప ఆడుకుంటుంటే వేలెడంత ప్లాస్టిక్ బొమ్మ జుట్టు ఊడి చేతికొచ్చింది. కింద గుండు, నడినెత్తిన చిన్న రంధ్రం. తల ఊడి, పిల్లలు పొరపాటున మింగితే గొంతులో అడ్డుపడినా ఊపిరాడాలని అలా చేస్తారట.

నా చిన్నప్పుడు పుంగనూరులో నాకూ అలాంటి బొమ్మే ఉండేది. నాన్న మదనపల్లె నుంచి తెచ్చాడు. వారం తిరక్కుండానే దాని జుట్టు ఎక్కడో పోయింది. నేను ఏడుస్తుంటే మా అవ్వ చల్లటి గంధం తీసి ఆ గుండుకు పూసింది.

"యాల ఏడుస్తావమ్మా? కొండకు పోయి గుండు కొట్టించుకున్యాడు. మల్లా మొలుస్తాయిలే."

ఆ రంధ్రంలోంచే మొలుస్తాయనుకుని నేను రోజూ దాంట్లో నీళ్లు పోశాను. ఒక పొద్దున నిజంగానే మొలిచాయి. కానీ తెల్లవి.

"అవ్వా, తెల్లగా ఉండాయే?"

"నల్లవి దేవునికి ఇచ్చేసినాడు గదమ్మా," అంది అవ్వ, కొంగు నెత్తిమీదికి లాక్కుంటూ.

అవి అవ్వ దువ్వెనలోని వెంట్రుకలని నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు. అప్పటికి అవ్వ లేదు.

బీరువాలోంచి నా పాత బొమ్మను తీసి పాప చేతిలో పెట్టాను.

"ఈ తాత ఎవురుమ్మా?" అంది.

"తాత కాదు, అవ్వ," అన్నాను.