నాలుగు బ్యాండ్ల రేడియో

దేవమ్మ గురించి ఎవరైనా రాస్తారేమోనని ఏళ్లుగా చూశాను. ఎవరూ రాయలేదు. ఎందుకు రాస్తారు? ఝరాసంగం పక్క పల్లెలో జొన్నచేలల్లో కలుపు తీసుకునే మనిషి. పోనీ, నేనే రాస్తున్నాను. నా పేరు మాణిక్. జహీరాబాద్ బస్టాండు వెనక సందులో రేడియో రిపేరు దుకాణం నాది. పని నేర్పింది బాబా మియా. ఆయన దయవల్ల పని వచ్చింది, బుద్ధి మాత్రం రాలేదు. ఎట్లా రాలేదో కూడా చెబుతాను.

దేవమ్మ తల్లి నారమ్మ బీదరు వైపు మనిషి. అందుకని దేవమ్మ పాటల్లో తెలుగు మధ్య కన్నడ మాటలు వచ్చిపడేవి. ఆమె సాలు ముందుండి పాట ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్ల చేతులు ఆ పాట వెంబడి నడిచేవి. పాట ఆగితే చేతులూ ఆగేవి. ఇది కనిపెట్టిన పటేల్ జగన్‌మోహన్ రావు ఆమెను ఒక్కరోజూ పని మాననిచ్చేవాడు కాదు. ఒళ్లు కాలుతున్నా కబురు పంపేవాడు. కూలి మాత్రం అందరితో సమానం. పాటకు కూలి ఎవడిస్తాడు?

డెబ్బై ఏడులో రేడియో వాళ్లు పల్లెపాటల కోసం ఝరాసంగం వచ్చారు. బడిలో తలుపులు మూసి, కిటికీలకు గోనెసంచులు కట్టి ఆరుగురు ఆడవాళ్లతో పాడించారు. దేవమ్మ పాటను ఎంచుకున్నారు. చలికాలంలో ఆమెకు కార్డు వచ్చింది. వచ్చే శుక్రవారం సాయంత్రం ఆరుంబావుకు హైదరాబాద్ స్టేషన్‌లో నీ పాట వస్తుంది, విను అని.

రేడియో సంగతి గనక ఆ కార్డు నాతో చదివించుకోవడానికి దుకాణానికి వచ్చినప్పుడు దేవమ్మ అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది. "అందరు నీ గొంతు మంచిగుంటది అంటరు అన్నా. నాకెట్ల దెల్వాలె? నా పాట నేనెన్నడన్న ఇన్ననా?"

తన పాట తాను ఒక్కసారి వినాలి. ఆమె కోరింది అంతే.

వాళ్ల ఊళ్లో రేడియో ఒక్కటే, పటేల్ ఇంట్లో. వినాలంటే వాకిలి బయట నిలబడాలి. దేవమ్మ మొగుడు సాయన్నకు అది గిట్టలేదు. సాయన్న హైవే మీద చెరకు లారీలకు లోడెత్తే మనిషి. నోరు పెద్దది, మనసు మంచిది. దేవమ్మను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు.

"నా పెండ్లాం పాట ఇననీకి మంది గడపకాడ నిలవడాల్నా? మాకే ఒక రేడియ గావాలె" అన్నాడు.

నేను చేతులారా కట్టిన చెక్కపెట్టె తీసి ముందు పెట్టాను. దానికి ఆరు నెలలు పట్టింది నాకు. మీడియం వేవ్ ఒక్కటే బ్యాండు. హైదరాబాద్ వచ్చేది దాని మీదే.

"ఎన్ని బ్యాండ్లు?" అన్నాడు సాయన్న.

ఆ రోజుల్లో రేడియో కొనే ప్రతివాడూ అడిగే మొదటి ప్రశ్న అదే. పిల్లను చూడవచ్చినవాళ్లు ఎకరాలు అడిగినట్టు. బ్యాండు అంటే స్టేషన్ వచ్చే దారి. ఎన్ని దారులని అడుగుతారే గాని, తనకు కావలసిన స్టేషన్ ఏ దారిన వస్తుందని అడిగేవాడు వెయ్యిమందిలో ఒక్కడుండడు.

"ఒకటే. నీకు గావాల్సింది గూడ ఒకటే గదా" అన్నాను.

దుకాణంలో ఇంకో నలుగురున్నారు. సాయన్న ముఖం ఎర్రబడ్డది. "ఏం, గరీబోల్లమని ఒక్క బ్యాండ్‌ది అంటగడ్తున్నవా? నీ చెక్కడబ్బ నీ మెడకే గట్టుకో సేటూ!"

ఆ నలుగురూ ఫక్కున నవ్వారు. దేవమ్మ "ఊకోరాదు, గట్లనొద్దు" అని మొగుడి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఆ నవ్వు మాత్రం నా చెవిలోంచి పోలేదు.

బుధవారం సాయన్న ఒక్కడే వచ్చాడు. చంకలో తళతళలాడే పెట్టె. దేవమ్మ సాకుతున్న పాలమేకలు రెంటిని ఇచ్చి, బొంబాయి లారీ డ్రైవరు దగ్గర తీసుకున్నాడట. ఫారిన్ మాల్, నాలుగు బ్యాండ్లు. సెల్లుల కోసం వచ్చానన్నాడు గాని, వచ్చింది నాకు చూపించడానికే.

చేతిలోకి తీసుకుని చూశాను. షార్ట్ వేవ్ రెండు, ఎఫ్.ఎం. ఒకటి, లాంగ్ వేవ్ ఒకటి. మీడియం వేవ్ లేదు! ఏ దూరదేశం కోసమో చేసిన పెట్టె. లాంగ్ వేవ్ మీద అక్కడ స్టేషన్లుంటాయి, మనకు ఒక్కటీ లేదు. ఎఫ్.ఎం. అప్పటికి హైదరాబాద్‌కు రానేలేదు. షార్ట్ వేవ్ మీద సిలోన్ వస్తుంది, ఇంకా ఎక్కడెక్కడివో వస్తాయి. కావలసిన స్టేషన్ మాత్రం, ఆ పెట్టె ఉన్నది ఉన్నట్టు ఉంటే, తలకిందులుగా తపస్సు చేసినా అందులో రాదు.

"ఎట్లున్నది?" అన్నాడు సాయన్న.

"మస్తుగున్నది."

"హైదరాబాద్ వస్తదా?"

"ఫారిన్ డబ్బ గదా సాయన్నా. లోకమంత వస్తది."

ఈ నోటితోనే అన్నాను. రేపటికల్లా లబోదిబోమంటూ వస్తాడు, ఆ నలుగురి ముందే "ఏమాయెరా నీ నాలుగు బ్యాండ్లు" అని అడుగుదాం, ఆ తర్వాత బాగుచేసిద్దాం అనుకున్నాను. అంతకుమించి చెడు తలచలేదు. ఛీ, ఇదీ ఒక సాకే.

గురువారం వాడు రాలేదు. ఎందుకొస్తాడు? ఇంటికి పోయి తిప్పగానే సిలోన్ నుంచి హిందీ పాటలు గణగణ మోగాయట. ఊరంతా పోగైంది. హైదరాబాద్‌ను ఎవరూ వెతకనేలేదు. దేవమ్మ పాట శుక్రవారం గదా, బస్సు దాని వేళకు వచ్చినట్టు అదే వస్తుంది అనుకున్నారు. వాళ్లనేమీ అనను. తెలియక అనుకున్నారు. తెలిసినవాణ్ణి నేను, దుకాణంలో కూర్చుని వాడి బాట చూస్తున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం ఝరాసంగానికి బస్సుంది. నా చెక్కపెట్టె పట్టుకుని ఎక్కితే సరిపోయేది. లేచి చెప్పులు కూడా వేసుకున్నాను. మళ్లీ విప్పాను. రావలసింది వాడు, నేనెందుకు పోవాలి?

ఆరుంబావుకు నా చెక్కపెట్టెలో దేవమ్మ పాడింది.

ఏం గొంతు తల్లీ! కొంచెం బొంగురు, పైకి పోయేటప్పుడు చిన్న వణుకు. ఎదురుగా టీకొట్టు చెన్నబసప్ప గ్లాసులు కడగడం ఆపి నిలబడ్డాడు. "ఎవరయ్యా గీమె?" అని అడిగాడు. నాలుగు నిమిషాల పాట. సందులో ఉన్నవాళ్లందరూ విన్నారు.

అదే వేళకు పల్లెలో దేవమ్మ తలకు నూనె పెట్టుకుని, కొత్త రవిక తొడుక్కుని ఆ ఫారిన్ పెట్టె ముందు కూర్చుందట. సాయన్న ముల్లును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుతూనే ఉన్నాడు. అరబ్బీ వచ్చింది, ఇంకేవో భాషలు వచ్చాయి. చివరికి పటేల్ ఇంట్లో వస్తోందని ఎవరో కేకేశారు. దేవమ్మ పరుగెత్తింది. వాకిట్లోకి చేరేసరికి చెరకుకు ఎరువు ఎప్పుడు వెయ్యాలో చెబుతున్నారు. అట్లాంటి పాట ఒక్కసారే వేస్తారు. మళ్లీ రాలేదు.

ఊరు తప్పంతా సాయన్న మీద పెట్టింది. గొప్పలకు పోయి, మేకలను తగలేసి పనికిరాని పెట్టె తెచ్చాడని. దేవమ్మ ఆ తర్వాత చేలో నోరు విప్పలేదు. పటేల్ బెదిరించాడు, బతిమాలాడు, అయినా పాడలేదు. సాయన్న నా దుకాణం ముందు నుంచి పోతే తల దించుకునేవాడు. నన్ను చూసి వాడు సిగ్గుపడేవాడు! నేను లోపల కుడితిలో పడ్డ ఎలుకలాగా కొట్టుకునేవాణ్ణి గాని, నిజం చెప్పలేదు. ఎనభై నాలుగు వానాకాలంలో పచ్చకామెర్లు ముదిరి వాడు దవాఖానలో పోయాడు.

మరుసటి ఏడు దేవమ్మ వచ్చింది. చంకలో అదే పెట్టె.

"ఇంట్ల ఊకెనే వడున్నది అన్నా. దీంట్ల హైదరాబాద్ వచ్చెటట్టు అయితదా? ఒక్కదాన్నే ఉన్న, పొద్దు పోతలేదు."

"ఎందుకు గాదు చెల్లె, అయితది" అన్నాను. ఏదైనా ఒక మేలు చేద్దామని ఏడేళ్లు కాచుకున్నవాణ్ణి, ఆత్రంలో వెనకాముందూ చూసుకోలేదు. లాంగ్ వేవ్ కాయిల్, అంటే ఆ బ్యాండును పట్టే తీగచుట్ట, ఊడదీసి, డ్రాయరులో ఉన్న మీడియం వేవ్ కాయిల్ పెట్టి అతికాను. ఆమె స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉంది. చెన్నబసప్ప రెండో టీ పంపేసరికి హైదరాబాద్ మాట్లాడింది.

"అయిపాయెనా?"

"అయిపాయె."

"గింతేనా పని?"

"గింతే చెల్లె" అన్నాను సంబరంగా. అన్నాక తెలిసింది ఏమన్నానో.

దేవమ్మ పెట్టె వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. "ఆయన సెల్లులకని బుధారం నాడు గీ డబ్బ నీతాన్కి తెచ్చిండు గదా. నువ్వు చేతులవట్టుకొని చూసి, మస్తుగున్నదన్నవని చెప్పిండు. అప్పుడు దెల్వదా నీకు?"

తెలియదంటే నమ్మేది. ఏడేళ్లు దాచినవాణ్ణి, ఆ ఒక్క అబద్ధం ఆడలేకపోయాను.

"తెలుసు" అన్నాను.

తిడుతుందనుకున్నాను. చెప్పు తీసుకుంటుందనుకున్నాను. తిడితే ఎంత బాగుండేది! ఆమె పెట్టె మీద చెయ్యి పెట్టి అంది.

"ఏడేండ్లు ఆయనకు బువ్వ వెట్టిన గని, మంచిగ ఒక్క మాట మాట్లాడలె. పానం పోయేనాడు దవాఖానల, 'దేవా, జర ఒక్క పాట పాడే' అన్నడు. 'నా పాట మింగినోనివి నువ్వే, ఇప్పుడు నీకు పాట గావాల్నా' అన్న. మల్ల కండ్లు దెరవలె."

కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. పెట్టె తీసుకోలేదు. మెట్లు దిగి బస్టాండు వైపు నడిచింది. నా బల్ల మీద హైదరాబాద్ మోగుతూనే ఉంది. పిలుద్దామని గడపదాకా వచ్చాను, ఏమని పిలవాలో తెలియలేదు.