దుర్గిలో కళ్ళు తెరిచిన ఇంగ్లీషు కవి

దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. నాలుక చాపిన కాళికలను చెక్కి, వాళ్ళ కాళ్ళ దగ్గరే చాప పరుచుకుని పడుకున్నవాణ్ణి. మా శిల్పుల ఊరు దుర్గిలో నా ఉలికి ఎదురు లేదని నేనే చెప్పుకుంటాను. కాదంటే ఇప్పటికీ ఊరుకోను.

ఎనభైల్లో ఒక ఎండాకాలం నరసరావుపేట నుంచి ఇంగ్లీషు లెక్చరర్ ఒకాయన వచ్చారు. అంతకు కొద్దిరోజుల ముందే పోయిన ఒక ఇంగ్లీషు కవి అంటే ఆయనకు ప్రాణం. కాలేజీలో పెట్టడానికి ఆ కవి విగ్రహం కావాలన్నారు. రాళ్ళు కొట్టే తండ్రికి పుట్టి, ఆ రాళ్ళ గురించే కవిత్వం రాశాడట. ఆ మాటకే ఒప్పుకున్నాను.

ఆయన దగ్గరున్నది ఒక్కటే ఫోటో, అదీ కుడివైపు నుంచి తీసింది. నేనేమో అప్పటిదాకా దేవుళ్ళను తప్ప మనిషి ముఖం చెక్కలేదు. అయినా చేసి చూపిస్తానని ఊరంతా చాటాను. పోలిక రాకపోతే నా పేరు గంగలో కలిసినట్టే.

మాకొక ఆనవాయితీ ఉంది. విగ్రహానికి కళ్ళు చివర్లో తెరుస్తాం. మొదటి చూపు మనిషి మీద పడకుండా ఎదురుగా అద్దం పెడతాం. అది దేవుళ్ళకే, కానీ అలవాటుకొద్దీ కవికీ పెట్టాను.

"ఏందయ్యా, దొరకు కూడా హారతిస్తావా?" అని మా ఆవిడ నవ్వింది.

కళ్ళు తెరిచి, పక్కనుంచి అద్దంలోకి చూశాను. అద్దంలోని విగ్రహానికి ఎడమ కనుబొమ్మను చీలుస్తూ ఒక గాటు. రాయిని తడిమితే నున్నగా ఉంది. మళ్ళీ అద్దం చూస్తే గాటు ఉంది. పట్టపగలు. ఇంకేం ఆలోచించకుండా అక్కడే గాటు పెట్టేశాను. ఏం చేశానో ఆ తర్వాతే తట్టింది. చెక్కిన రాయి మళ్ళీ అతకదు కదా.

లెక్చరర్ గారు చూసి నీరుగారిపోయారు. "ఈ గాటేంది ఆచారీ? ఉలి జారిందా?"

"నా ఉలి జారదండీ."

విగ్రహం తీసుకోకుండానే వెళ్ళిపోయారు. ఊరు నవ్వింది. గోనెపట్టా కప్పి మూలన పెట్టాను. అద్దంలో చూశానని ఎవరికి చెప్పను?

ఆ చలికాలం లెక్చరర్ గారి ఉత్తరం అందుకుని కవిగారి భార్య సాగర్ డ్యామ్ చూడటానికి వచ్చింది. లెక్చరర్ గారు మొహమాటపడుతూనే ఆమెను మా ఇంటికి తీసుకొచ్చారు. పట్టా తీయగానే ఆ పెద్దావిడ వేలు తిన్నగా గాటు మీదికే పోయింది. కళ్ళనీళ్ళు పెట్టుకుని ఏదో చెప్పింది. ఆయన తెలుగులో చెప్పారు: చిన్నతనంలో తండ్రి పని చేసే క్వారీలో రాతిపెచ్చు ఎగిరి కవిగారి కనుబొమ్మకు తగిలిందట. ఆ మచ్చ కనపడకూడదని ఎప్పుడూ కుడివైపే ఫోటోకు తిప్పేవాడట.

"నీకెట్టా తెలిసింది ఆచారీ?" అన్నారు.

నేను పట్టా మడిచి పక్కన పెట్టాను. విగ్రహం ఆ వారంలోనే కాలేజీకి వెళ్ళింది. అద్దం మాత్రం నా దగ్గరే ఉంది, మళ్ళీ ఎప్పుడూ అందులో వింత కనిపించలేదు. అది ఎట్లా జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. బతికినన్నాళ్ళూ ఏ కెమెరాకూ చూపించని వైపు, ఆ రాళ్ళోడి కొడుకు ఇంకో రాళ్ళోడికి చూపించాడు. నాకు తెలిసింది అంతే.