తరగతి గదుల తలుపులు తీసిన శౌరయ్య స్వామివారు

మా హైస్కూలు ప్రధానోపాధ్యాయులు శౌరయ్య స్వామివారు దివంగతులైనారు. ఈ ఒక్క వాక్యం రాయడానికి కలం పట్టుకుని ఎంతోసేపు కూర్చున్నాను.

వేసవి సెలవులిచ్చి వారమైనా కాలేదు. నేను నందిగామలో మా అక్కగారింట ఉన్నాను. భోజనాల వేళకు మా బడి కాపలాదారు చిన్నప్ప బస్సు దిగి తిన్నగా వచ్చి వీధి అరుగు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఫాదర్ గారు పోయారండి పంతులుగారూ. పొద్దున్నే. సాయంత్రం సమాధి చేస్తారంట. మిమ్మల్ని తీసుకురమ్మన్నారు" అన్నాడు.

"ఏ ఫాదరు?" అని అడిగాను. మా బడిలో ఉన్నది ఒక్క ఫాదరే. ఆ సంగతి నాకూ తెలుసు, చిన్నప్పకూ తెలుసు. అతడు తువాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఏటా మా బడి సంచికలో సంవత్సరాంత వార్తలు శౌరయ్య స్వామివారే రాసేవారు. ఎవరు ఉత్తీర్ణులైనారు, ఆటల్లో ఎవరు గెలిచారు, ఏ గదికి కొత్త పెంకు నేయించారు, అన్నీ అందులో ఉండేవి. ఈ ఏడు ఆ పుట నన్ను నింపమన్నారు. తెలుగు పండితుణ్ణి కనుక మాటలకు లోటుండదనుకున్నారేమో. ఈ ఏటి వార్తలన్నీ వారి వార్తలే. అందుచేత వారిని గురించే రాస్తున్నాను.

వారిది కృష్ణకు ఆవలి ఒడ్డున పల్నాటి పల్లె. చిన్ననాడే క్రైస్తవ గురువుల దగ్గర చేరి, లాటిన్, ఇంగ్లీషు చదువుకుని, గురుపట్టం పొంది, ముక్త్యాల రేవులో పడవ దిగి మా జగ్గయ్యపేటకు వచ్చారు. పొడగరి. కాస్త ముందుకు వంగి నడిచేవారు. కంఠం గంభీరమైనదే కాని పిల్లలను గద్దించడానికి దాన్ని వాడగా నేను వినలేదు. నా దగ్గర కూర్చుని పద్యలక్షణం నేర్చుకున్నారు. యతి కుదరనప్పుడు పసిపిల్లవాడిలా అలిగేవారు. క్రైస్తవ గురువులకూ వైదిక కుటుంబంలో పుట్టిన నాకూ మధ్య ఇంత స్నేహం ఏమిటని ఊళ్ళో కొందరు విస్తుపోయేవారు. మాకు మాత్రం అది ఎన్నడూ విడ్డూరమనిపించలేదు.

పేటలో మిరప వర్తకం చేసే సుబ్బయ్య శెట్టిగారి అబ్బాయి నాగేశ్వరరావు నాలుగో ఫారంలో లెక్కల్లో తప్పాడు. శెట్టిగారు స్వయంగా బడికి వచ్చి, పిల్లవాణ్ణి పై తరగతికి పంపమని అడిగారు. వారు మా బడికి ఎన్నో విధాల సాయపడినవారు, పెద్దమనిషి. శౌరయ్య స్వామివారు వారిని కుర్చీలో కూర్చోబెట్టి, మజ్జిగ తెప్పించి, మెల్లగా అన్నారు:

"శెట్టిగారూ, మీకు నేను చెప్పాలా? కాయ పండకముందే కోసి ఆరబోస్తే ఏం మిగులుద్దండీ? రంగు రాని తాలు కాయలేగా. మీవాణ్ణి ఇంకో ఏడు చెట్టునే ఉంచండి. మంచి రంగు తేలతాడు."

శెట్టిగారు నవ్వేశారు. పిల్లవాడు ఆగాడు. మరుసటి ఏడు లెక్కల్లో తరగతికే మొదటివాడైనాడు. ఈ సంగతి తలచుకుని మేమంతా సంతోషించేవాళ్ళం. ఇప్పుడు తలచుకుంటే గుండె చెరువవుతున్నది.

ఈ ఏడు పరీక్షల ముందు సరిహద్దు అవతల నుంచి బండ్లు రావడం మొదలైంది. నైజాం పల్లెల్లో కల్లోలం పుట్టి, జనం పిల్లాపాపలతో, మేకలతో, వండుకున్న కుండలతో సహా తరలివచ్చారు. పేటలో సత్రాలు నిండాయి, దుకాణాల పంచలు నిండాయి. ఒక ఉదయం ప్రార్థన వేళకు బండ్ల వరస చిల్లకల్లు రోడ్డున మా గేటు ముందు ఆగింది. ఒక ముసలమ్మ దిగివచ్చి స్వామివారి అంగీ అంచు పట్టుకుంది.

"అయ్యా, జర నీడ ఇయ్యుండ్రి. పోరగాండ్లు సొమ్మసిల్లిన్రు."

స్వామివారు ఆమె చెయ్యి విడిపించుకోకుండానే చిన్నప్పను పిలిచి తరగతి గదులు తీయమన్నారు. నేను నివ్వెరపోయి, "ఫాదర్ గారూ, పరీక్షలు?" అన్నాను.

"చెట్ల కింద రాస్తారండి. మన చర్చిలో రాస్తారు. ఈ పిల్లలు మాత్రం ఎండలో ఉండకూడదు."

బల్లలన్నీ ఆవరణలోకి వచ్చాయి. ఈ ఏడు నాటకం లేదు, ఆటల పోటీలు లేవు. పిల్లలకు అదంతా ఒక వేడుకగానే ఉండేది. తల్లిదండ్రులకు మాత్రం కాదు. వారం తిరక్కుండా ఊరి పెద్దలు కొందరు వచ్చారు. సుబ్బయ్య శెట్టిగారే మాట్లాడారు.

"ఫాదర్ గారూ, మీరు చేసేది పుణ్యకార్యమే. కాదనడానికి నోరు రాదు. కాని ఎండలు ముదురుతున్నాయి. ఇంతమంది ఒకచోట చేరితే రోగాలొస్తాయండి. మా పిల్లలకేమన్నా అయితే ఎవరండీ పూచీ?"

"నేనండీ."

"మీరంటే?"

"నేనే పూచీ. మీ పిల్లలకు హాని రానివ్వను. ఇది నా మాట."

మానవమాత్రుడెవడూ ఇవ్వగూడని మాట అది. ఆ మాట నిలబెట్టుకోవడానికి స్వామివారు చేయనిది లేదు. బావిలో మందు కలిపించారు. నీళ్ళు కాచి ఇప్పించారు. డాక్టరుగారిని బతిమాలి తెచ్చి అందరికీ సూదులు వేయించారు. విద్యార్థులెవ్వరూ కాందిశీకుల వైపు పోగూడదని కట్టడి చేశారు.

అయితే నాగేశ్వరరావు ఊరుకోలేదు. అప్పటికి ఆరో ఫారంలో ఉన్నాడు. రోజూ ఆ జనంలోని ముసలివాళ్ళు బావి దగ్గర బిందెలు ఎత్తుకోలేక పడే అవస్థ చూస్తున్నాడు. ఒకనాడు స్వామివారికీ నాకూ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఫాదర్ గారండీ, నేను నీళ్ళు మోస్తానండి. లెక్కల్లో ఒకసారి ఆపారు, ఆగాను. దీంట్లో మాత్రం ఆపకండి."

స్వామివారు నవ్వారు. అంత నిండుగా నవ్వడం మళ్ళీ నేను చూడలేదు. "చేతులు కడుక్కోకుండా నోట్లో ఏదీ పెట్టొద్దు. మంచినీళ్ళు ఇంటికెళ్ళే తాగు" అని చెప్పి అనుమతించారు.

కలరా వచ్చింది. వాళ్ళ పల్లెల్లో దాన్ని గత్తర అంటారు. ఆ మాట పైకి అనడానికే భయపడి, ఆడవాళ్ళు చెవుల్లో చెప్పుకునేవారు. గదుల్లో కొందరు పోయారు. పేటలోకీ పాకింది. పబ్లిక్ పరీక్షలు దగ్గర పడిన రోజుల్లో నాగేశ్వరరావుకు ఉదయాన వాంతులు మొదలైనాయి. సాయంకాలానికి పిల్లవాడు లేడు. రోగం మా బడిలోనే తగిలిందో, ఊళ్ళో తగిలిందో ఎవరూ చెప్పలేరు. డాక్టరుగారు ఆ మాటే అన్నారు.

స్వామివారూ నేనూ శెట్టిగారింటికి వెళ్ళాము. లోపల తల్లి గుండెలు బాదుకుంటున్నది. శెట్టిగారు పెరటి గుమ్మంలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. స్వామివారిని చూసి అరవలేదు, తిట్టలేదు. నేల చూస్తూ అన్నారు:

"ఆయేడు మీరు పై తరగతికి పంపుంటే, మావాడు నిరుడే బడి దాటేవాడండి. ఈపాటికి బెజవాడ కాలేజీలో ఉండేవాడు."

"అవునండి" అన్నారు స్వామివారు.

అంతే. మరొక మాట లేదు. అక్కడే, ఆ మట్టి నేల మీద శెట్టిగారికి ఎదురుగా కూర్చున్నారు. చీకటి పడేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. తిరిగి వస్తుంటే దారిలో, ఏదో ఓదార్పు చెప్పాలి కదా అని, "అంతా దైవేచ్ఛ ఫాదర్ గారూ" అన్నాను. ఆయన ఠక్కున ఆగిపోయారు.

"దేవుడి మీదికి నెట్టకండి పంతులుగారూ. ఆయన ఎవరికీ మాటివ్వలేదు. ఇచ్చింది నేను."

జనాన్ని వెళ్ళగొట్టమని ఊరంతా పట్టుబట్టింది. ఆయన వెళ్ళగొట్టలేదు. హాస్టలు పిల్లలను ఇళ్ళకు పంపివేసి, ఆరో ఫారం వాళ్ళకు వేరేచోట పరీక్షలు రాసే ఏర్పాటు చేసి, తాము ఆ గదుల్లోనే ఉండిపోయారు. రోగుల బట్టలు తామే ఉడకబెట్టేవారు. అన్నం సహించేది కాదు. ఒకసారి భోజనం మధ్యలో లేచి వెళ్ళి, చర్చిలో పీఠం ముందు కాక, చివరి బల్ల మీద కూర్చుని ఉండగా చూశాను. ప్రార్థిస్తున్నట్టు లేదు. కొట్టించుకోవడానికి సిద్ధంగా ఉన్న పిల్లవాడిలా ఉన్నారు.

బడి మూసే రోజున బహుమానాలు లేవు, గీతాలు లేవు. ఉపాధ్యాయులమూ, ఊళ్ళో పిల్లలు కొద్దిమందీ చెట్టు కింద చేరాము. ఉత్తీర్ణుల పేర్లు చదివాక స్వామివారు ఇలా అన్నారు. నాకు జ్ఞాపకమున్నంతలో మాట మార్చకుండా రాస్తున్నాను.

"గదులు తీయడం తప్పా అని నన్ను అడుగుతున్నారు. నాకు తెలియదు. మళ్ళీ ఆ బండ్లు వచ్చి ఆగితే మళ్ళీ తీస్తాను. ఆ మాట మాత్రం మళ్ళీ ఇవ్వను. మీరు పెద్దవాళ్ళయ్యాక మంచిపని చేసేటప్పుడు, దాని వల్ల ఎవరికీ నష్టం రాదని అనుకోకండి. వస్తే తప్పుకుపోకండి."

పిల్లలకు ఎంత అర్థమైందో తెలియదు. నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. ఆ మరునాడు నేను నందిగామ వెళ్ళాను. తర్వాత చిన్నప్ప తెచ్చిన వార్త చెప్పనే చెప్పాను. ఆ కలరాయే వారినీ తీసుకుపోయింది.

సమాధి దగ్గర ఊరివాళ్ళ కంటె అవతలి పల్లెల జనమే ఎక్కువ. మొదటిరోజు అంగీ అంచు పట్టుకున్న ముసలమ్మ మట్టిలో పడి, "అయ్యా, మమ్ముల ఎవ్వరికి అప్పజెప్పినవ్" అని ఏడుస్తున్నది. నేను తల తిప్పుకుని చూస్తే, ప్రహరీగోడ బయట సుబ్బయ్య శెట్టిగారు నిలబడి ఉన్నారు. దగ్గరకు వెళ్ళి, లోపలికి రమ్మన్నాను.

"వద్దండి పంతులుగారూ. క్షమించానని చెప్పడానికి రాలేదు. క్షమించలేదు కూడా" అన్నారు. సమాధి వైపు చూస్తూ, "మావాడు పోయాక అందరూ వచ్చారు, ఏదో ఒకటి చెప్పిపోయారు. ఏమీ చెప్పకుండా నా ఎదుట కూర్చున్నది ఆయనొక్కరే. ఇక నాకు ఆ మనిషి కూడా లేడండి" అన్నారు.

ఇప్పటికీ కొన్ని గదుల్లో ఆ కుటుంబాలు ఉన్నాయి. త్వరలో బడి తెరవాలి. వాళ్ళను ఉంచుదామా, పంపుదామా అని నిన్న ఉపాధ్యాయులమంతా కూర్చున్నాము. అందరమూ చదువుకున్నవాళ్ళమే, దయగలవాళ్ళమే. సాయంత్రం వరకు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. చివరకు పైవారి ఉత్తర్వు వచ్చేదాకా వేచి చూద్దామని తీర్మానించుకుని లేచాము. గుమ్మం దగ్గర ముసలమ్మ నిలబడి, ఏమన్నారని మాలో ప్రతి ఒక్కరినీ అడిగింది. ప్రతి ఒక్కరమూ మరొకరిని చూపించి ఇంటికి వచ్చాము.

మహానుభావా, మీకు నమస్కారం. మీ కుర్చీలో ఎవరో ఒకరు కూర్చుంటారు. మీ స్థానంలో నిలబడగలవాడు మాలో లేడు.