ఏనుగులెక్కిన మట్టి గుట్ట

కొత్తగా ఆటో తోలే ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో లేదనుకునేవాణ్ణి. (చదివింది ఐదో తరగతి. రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.) అట్లాంటి రోజుల్లోనే ఒక పెద్దమనిషి గోదావరిఖని బస్టాండులో నా ఆటో ఎక్కాడు. కాలేజీ పిల్లలకు కథలూ వ్యాసాలూ రాయడం నేర్పే ప్రొఫెసరట. ఊళ్లు తిరిగి, పాత సంగతులు అడిగి పుస్తకాలు రాస్తాడట. రామగిరి ఖిల్లా చూడాలన్నాడు. "ఏ పుస్తకంలోనూ లేని సంగతి చెప్పినవాళ్ల పేరు నా పుస్తకంలో వేస్తాను," అని కూడా అన్నాడు. నా గుండె ఆటో ఇంజను కంటే గట్టిగా కొట్టుకుంది. అప్పటిదాకా నా పేరు అచ్చయింది రేషన్ కార్డులోనే, అదీ ఒక అక్షరం తక్కువతో.

దారిలో మెట్లు మెట్లుగా ఒక గుట్ట కనబడింది. "ఆగాగు! అది కోట కదూ?" అన్నాడు ప్రొఫెసరు. అది ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మీద నుంచి తవ్వి తీసిన మట్టి పోసిన గుట్ట. వయసులో నాకన్నా చిన్నది. కానీ ఆ మాట చెబితే పుస్తకంలో నా పేరెట్లా వస్తుంది?

"అవు సారూ, కోటనే."

"ఏ రాజుది?"

"నల్లరాజుది సారూ." (బొగ్గు గుర్తొచ్చింది మరి.)

"ఆ మెట్లెందుకు?"

"ఏనుగులు ఎక్కాలె గద సారూ. ఒక్కో మెట్టు మీద జెర దమ్ము తీసుకునేటియి."

"శత్రువులు రాలేదా?"

"వచ్చిండ్రు సారూ. దుమ్ముకు ఆగలేక మళ్లిపోయిండ్రు."

రెండు పేజీలు గబగబా రాసుకున్నాడు. నా పేరు అక్షరం అక్షరం చెప్పి మరీ రాయించాను. అప్పుడాయన, "ఒక్కరి మాట మీద రాయకూడదు. పెద్దవాళ్లను కూడా అడుగుదాం," అంటూ దగ్గర్లోని చాయ్ హోటల్ ముందు ఆటో ఆపించాడు. బెంచీ మీద ఎవరున్నారనుకున్నారు? గని నుంచి రిటైరైన మా కాక! నేను కన్ను కొట్టాను.

"ఏందిరా, కంట్ల దుమ్ము పడ్డదా?" అన్నాడు కాక.

ప్రొఫెసరు గుట్ట చూపించి, ఆ కోట కట్టిన రాజు సంగతి అడిగాడు. కాక చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"కోట ఏంది సారూ? నేనే పోసిన గద! ఇరవై ఏండ్లు మట్టి మోసే డంపర్ తోలిన. కింది మెట్టు మా పెద్దబిడ్డ పుట్టినప్పటిది. మీదిది నా ఆఖరి డ్యూటీ."

"మరి ఏనుగులు?"

కాక నా వైపు చూశాడు. "పొద్దుగాల ఏమన్న తిన్నవారా?"

ప్రొఫెసరు ఆ రెండు పేజీలూ అడ్డంగా కొట్టేశాడు, నా పేరుతో సహా. తర్వాత బెంచీ మీద కాక పక్కన చేరి, "కింది మెట్టు నుంచి చెప్పండి అన్నా," అన్నాడు. ఇక ఆ రోజు ఖిల్లా ఊసే లేదు.

కొన్నాళ్లకు కాకకు పోస్టులో పుస్తకం వచ్చింది. కాక పేరుతో నాలుగు పేజీలు! నా కోసం వెతికితే అడుగున ఒకే వాక్యం: 'ఒక ఆటో డ్రైవరు చెప్పిన నల్లరాజు కథను చరిత్రగా తీసుకోరాదు.'

"ఫికర్ చెయ్యకురా, ఆ డ్రైవర్‌వి నువ్వేనని అందరికి చెప్త," అని కాక ఓదార్చాడు.

ఆయనదాకా ఎందుకు? ఆ పుస్తకం అడిగి తెచ్చుకుని, ఆటో ఎక్కిన ప్రతి మనిషికీ ఆ పేజీ తీసి, "ఇగో, ఈ డ్రైవర్ నేనే!" అని చూపించేవాణ్ణి. ఆ పిల్లగాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. పాపం, చాలామంది ఆ వాక్యం చివరిదాకా చదవకుండానే శభాష్ అని భుజం తట్టి దిగిపోయేవారు.