పడమటి గదికి కర్టెన్లు

మావారికి నరసాపురం బదిలీ అయి ఈ ఇంట్లోకి దిగినప్పుడు, పడమటి గది చూసి ఆయన ముచ్చటపడ్డారు. పైవాటాలో ఉండే ఇంటిగలావిడ కొత్తగా కట్టించిన కింది వాటా ఇది. గదికి పడమర రెండు, దక్షిణం ఒకటి, మూడూ మోకాలెత్తు నుంచి దాదాపు పైకప్పు దాకా ఉన్న కిటికీలు. "వెలుతురు చూడు, ఫొటో స్టూడియోలా లేదూ?" అన్నారు. నేను వెలుతురు చూడలేదు. చంకలో ఏడాదిన్నర పాప. గ్రిల్లు చువ్వల మధ్య పాప తల పడుతుందేమోనని అరచేత్తో కొలుస్తున్నాను.

ఆ చలికాలంలో పాపకి రెండుసార్లు ఆయాసం వచ్చింది. ఊపిరి తీస్తే ఛాతీలో పిల్లికూతలు. రెండోసారి ఆస్పత్రిలో మూతికి మాస్కు పెట్టి మందు పట్టించాల్సి వచ్చింది. పిల్లల డాక్టరుగారు మూడు మాటలు చెప్పారు. ఇంట్లో దుమ్ము పట్టే బట్టలు తగ్గించండి, గదిలో చెమ్మ ఉండనివ్వకండి, గాలి ఆడనివ్వండి. నేను బుద్ధిగా తలూపాను. ఇంటికొచ్చాక నాకు గుర్తున్నది మాత్రం దుమ్ము ఒక్కటే. బొమ్మలన్నీ ఉతికేశాను, తివాచీ చుట్టి అటకెక్కించాను.

వేసవి మొదలయ్యేసరికి కిటికీల గొడవ వచ్చిపడింది. అప్పటిదాకా పాత దుప్పట్లు కట్టి నెట్టుకొచ్చాం. మధ్యాహ్నం దాటితే ఎండ నేరుగా మంచం మీదే. పాప నిద్రపోవాలంటే ఎండ ఆగాలి. ఆయాసం రాకుండా ఉండాలంటే గాలి రావాలి. వేలాడదీసే బట్ట దుమ్ము పట్టకూడదు. మూడు కిటికీలకి ఏ బట్ట కట్టాలన్నది ఇంట్లో మిగతావాళ్ళకి అలంకారం సంగతి. నాకు అది పాప ఊపిరి సంగతి.

ఆదివారం ముగ్గురం కర్టెన్ల షాపుకెళ్ళాం. షాపతను మెరూన్ రంగు గుడ్డ ఒకటి బల్ల మీద పరిచి, "బ్లాకౌట్ అండి ఇది. కట్టారంటే మిట్టమధ్యాహ్నం అమావాస్యే" అన్నాడు.

"గాలి వస్తుందాండీ?" అన్నాను.

"గాలెందుకండి, ఏసీ పెట్టించుకుంటారు కదా!"

"ఉతుక్కోవచ్చా?"

"ఆయ్, డ్రైక్లీనింగ్‌కి ఇచ్చుకోవచ్చండి. రెండేళ్ళకోసారి చాలండి."

రెండేళ్ళ దుమ్ము! మడత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. మావారు నవ్వాపుకుంటూ పక్కకి తిరిగారు. తరవాత అతను పైకి చుట్టుకునే బ్లైండ్లు చూపించాడు. బాగున్నాయి, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. కానీ పక్కన పూసల గొలుసు వేలాడుతోంది. నేను ఆ గొలుసు కేసి, పాప మెడ కేసి మార్చి మార్చి చూస్తుంటే మావారే, "పద, ఇవాళ్టికి చాలు" అన్నారు. బయటికొచ్చాక, "నీకు కర్టెన్లు కావాలా, గ్యారంటీ కార్డు కావాలా?" అని అడిగారు. రెండూ కావాలనే అన్నాను.

ఆ సాయంత్రం రాజమండ్రిలో ఉన్న అమ్మకి ఫోన్లో గోడు వెళ్ళబోసుకున్నాను. అమ్మకి క్షణం పట్టలేదు. "దీనికింత ఆలోచనేంటే? వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు కొట్టు. నువ్వు పెరిగిందెలా?"

నిజమే. మా ఇంట్లో ఎండాకాలమంటే వట్టివేళ్ళ తడికలే. ఆ వేళ్ళని చాపలా అల్లి కిటికీలకి కట్టి, మధ్యాహ్నం నాన్న బకెట్టుతో నీళ్ళు చల్లేవారు. వడగాలి వాటిలోంచి వచ్చేసరికి చల్లబడి, మట్టివాసనతో గదంతా నిండేది. నాకు తెలిసిన ఆరోగ్యమంటే ఆ వాసనే. అమ్మ వారం తిరక్కుండా తడికలు చేయించి, తెలిసినవాళ్ళతో రైల్లో పంపించింది. మూడు కిటికీలకీ కట్టి, రోజుకి నాలుగైదుసార్లు తడిపాను. నీళ్ళు కొడుతుంటే పాప చప్పట్లు కొట్టేది. గది చీకటిగా, చల్లగా ఉంది. గెలిచాననుకున్నాను.

మెట్లు దిగుతూ ఇంటిగలావిడ ఆగి చూశారు. "ఏంటమ్మాయ్ ఇయ్యి?"

"వట్టివేళ్ళండి పిన్నిగారూ. మా అమ్మ పంపింది."

"అలాగా," అని ఇంకేదో అనబోయి వెళ్ళిపోయారు.

తడికలు ఆరలేదు. రాజమండ్రిలో తడిపిన గంటకల్లా గరగరలాడే వేళ్ళు ఇక్కడ పొద్దున్నకి కూడా మెత్తగా, చెమ్మగానే ఉన్నాయి. వారం చివరికి మట్టివాసన పోయి ముక్కవాసన మొదలైంది. మంచం మీద దుప్పటి చల్లగా కాదు, తడిగా తగులుతోంది. ఆ సాయంత్రమే పాప దగ్గింది. దీపాలు పెట్టే వేళకి పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుంటోంది. మావారు ఇంకా బ్యాంకు నుంచి రాలేదు. ఇంటిగలావిడ ఆటోని కేకేసి, తానే నాతో ఎక్కారు.

మందు పట్టించాక పాప కుదుటపడింది. డాక్టరుగారు రాసుకుంటూ, "గదిలో ఏమైనా మార్చారా?" అన్నారు.

"ఏం లేదండి. ఎండకి వట్టివేళ్ళు కట్టి తడుపుతున్నాను."

ఆయన పెన్ను ఆగిపోయింది. "నరసాపురంలోనా?"

తిరిగొస్తూ ఆటోలో ఇంటిగలావిడ పాప కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని అన్నారు: "ఆ వేళే చెబుదామనుకున్నానమ్మాయ్. మీ అమ్మగారు ముచ్చటపడి పంపారు కదాని ఊరుకున్నాను. మీ రాజమండ్రిది పొడి ఎండ. మాకు సముద్రం పక్కనే. గాలే తడిసొస్తుంది, దాన్ని మళ్ళీ నువ్వు తడుపుతావేంటి?"

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చూడనట్టు బయటికి చూశారు.

మర్నాడు తడికలు విప్పేసి, కిటికీలు బార్లా తెరిచి కూర్చున్నాను. అప్పుడు గాని డాక్టరుగారి రెండో మాట గుర్తు రాలేదు. చెమ్మ ఉండకూడదు. అయితే నేను వెతకాల్సింది ఎండని ఆపే బట్ట కాదు, త్వరగా ఆరే బట్ట. ఇంట్లో దొరికిన గుడ్డలన్నీ జానెడేసి ముక్కలు తీశాను. సోఫా గుడ్డ, నైలాను చున్నీ, మావారి నేత పంచె, పాత దుప్పటి. అన్నీ ఒకే బకెట్లో ముంచి డాబా మీద తాడుకి ఆరేసి, అక్కడే కూర్చుని వేళ్ళతో పట్టి చూడటం మొదలుపెట్టాను. ఇంటిగలావిడ వడియాలు తీయడానికొచ్చి, "ఇదేంటమ్మాయ్, చేపలెండబెట్టినట్టు పీలికలు ఎండబెట్టావ్?" అన్నారు. సంగతి చెబితే నవ్వలేదు. ఆవిడా వచ్చి ఒక్కో ముక్కా పిండి చూశారు. అన్నిటికన్నా ముందు చున్నీ ఆరింది, కానీ దానికి ఎండ ఆగదు. దాని తరవాత పంచె. రెండు మడతలు వేసి ఎండకి అడ్డం పెట్టి చూశాం. వెలుగు పాలలా దిగింది గాని, చురుకు లేదు.

"పంచెలు కడతావా కిటికీలకి?" అన్నారు మావారు. "చుట్టాలొస్తే నా పరువేం కాను?"

"మీ పంచెలు కావులెండి. కొత్త తాను కొందాం."

కుట్టింది ఇంటిగలావిడ మిషను మీదే. రింగులు, తాళ్ళు ఏమీ వద్దన్నాను. పైన మాత్రం పొట్టి నాడాలు, కడ్డీకి ముడేస్తే చాలు, విప్పితే ఉతుక్కోవచ్చు. కింద కొసలు కిటికీ గట్టు దాటకుండా ఆపాను. "మరీ ఆస్పత్రిలా ఉంటుంది, కాస్త లేసు అల్లిస్తాను" అని ఆవిడ బతిమాలారు. పాప వేళ్ళు కన్నాల్లో ఇరుక్కుంటాయని నేను, అందకుండా పైనే వేస్తానని ఆవిడ. ఆవిడే గెలిచారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం విప్పి ఉతుకుతాం. పొద్దున ఆరేస్తే మధ్యాహ్నం పాప పడుకునేవేళకి కిటికీకి ఉంటాయి.

అమ్మకి తడికల సంగతి చెప్పడానికి చాలా భయపడ్డాను. చెబితే, "నేనే కదే కట్టమన్నాను" అని పెట్టేసింది. ఆ శనివారం చెప్పకుండా రైలెక్కి వచ్చేసింది. వస్తూనే గదిలో నిలబడి, "ఏంటే ఇవి? పెళ్ళి పందిరిలో గుడ్డ కట్టినట్టు," అంది. మధ్యాహ్నం పాపని తనే జోకొట్టింది. దక్షిణం కిటికీ తెరిచే ఉంది. సముద్రం మీది గాలి మొదలై, కర్టెను పొట్టలా ఉబ్బి, మెల్లగా దిగుతోంది. నేను మజ్జిగ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాను. అమ్మ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, ఒంగి, పాప వీపుకి చెవి ఆనించి ఉంది. చాలాసేపు అలాగే ఉంది. లేచి కళ్ళు తుడుచుకుంటూ నన్ను చూసింది.

"ఏమీ లేదే. ఊపిరి మామూలుగానే తీస్తోంది" అంది గుసగుసగా. "ఫ్యాను కట్టెయ్. ఈ గాలి చాలు."