డా మే పియానో పక్కన

ఎదురింటివాళ్లు ఈ వారం పాత పియానో ఒకటి కొని తెచ్చుకున్నారు. ఈ వీధిలో బాల్కనీలు చెయ్యి చాపితే అందేంత దగ్గరగా ఉంటాయి కనుక, వాళ్లు దాని మూత ఎత్తగానే లోపలి వాసన నా గదిలోకి వచ్చింది. వాన చెమ్మ పట్టిన ఉన్నిగుడ్డ, కలరా ఉండలు, పాత కొయ్య. చేతిలో ఉన్న టీ కింద పెట్టేశాను. ఆ వాసనతో నాకు గుర్తొచ్చేది ఒక్క మనిషే, డా మే. ఇక్కడ బర్మీయుల పద్ధతిలో వయసొచ్చిన ఆడవాళ్లను గౌరవంగా ‘డా’ చేర్చి, మగవాళ్లను ‘ఊ’ చేర్చి పిలుస్తాం. ఆవిడ తల్లి శ్రీకాకుళం వైపు సముద్రపుటూరి నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. తండ్రి బర్మీయుడు, రేవులో గుమస్తా. కాన్వెంటు సన్యాసినుల దగ్గర పియానో నేర్చుకుని, నేను ఎరిగేనాటికి రంగూన్‌లోని ఒక సినిమా హాల్లో వాద్యబృందాన్ని నడుపుతూ ఉండేది.

అప్పట్లో సినిమాకు మాట లేదు. తెర ముందు కూర్చుని మేం వాయించేదే దాని గొంతు. ఫిడేలు మనిషి కావాలని విని ఒక ఉదయం ఆ హాలుకి వెళ్లాను. నాకు ఇరవై దాటాయి. మా భజన మండలి పెద్దాయన దగ్గర నేర్చుకున్న విద్య తప్ప మరొకటి తెలియదు. అలవాటు ప్రకారం నేలమీద బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తలను పాదానికి ఆనించి మోహనం వాయించాను. ఆవిడ మధ్యలో ఆపకుండా చివరిదాకా వింది.

“నీ సేతిలో పాటుంది బాబూ. కానీ కింద కూకుంటే నీకు తెర కనపడదు, నానూ కనపడను. లెగు. నిలబడి వాయించు.”

“నిలబడి ఎప్పుడూ వాయించలేదమ్మా.”

“మరి ఈయేళ మొదలెట్టు.”

అంత తేలిగ్గా అనేసింది. ఫిడేలు భుజానికెత్తి పట్టుకోవడం, కాగితం మీది చుక్కలను చూసి వాయించడం నాకు వంటబట్టేసరికి వానాకాలం గడిచిపోయింది. ఆ చుక్కల మీద, వాటి పక్కన ఇటలీ భాషలో మాటలుండేవి. ప్రతిదానికీ మన సంగీతంలో జోడీ వెతికి, ఇది అదే కదా అని తృప్తి పడాలని నా ఆరాటం. ఒకరోజు లెగాటో అనే మాట వచ్చింది. స్వరాల మధ్య ఎడం లేకుండా వాయించమని దాని అర్థం. “అంటే మన గమకమే కదా?” అన్నాను.

“కాదు. గమకంలో ఒక స్వరం కాడ్నుంచి ఇంకో స్వరం కాడికి దారంతా నడుస్తావు. లెగాటోలో దారి లేదు, గుమ్మాలే. ఒకటి దాటితే ఇంకోటి. దేని పేరు దానికుంది సూరీ. దానికి దీని పేరెడితే రెండూ పాడైపోతాయి.”

నేను కాస్త చిన్నబుచ్చుకున్నట్టు కనిపించానేమో, మర్నాడు రిహార్సల్ ముగిశాక నాచేత మళ్లీ మోహనం వాయించుకుని విన్నది. ‘ఇది మర్చిపోయినావంటే నీతో మాటాడను’ అని కూడా అన్నది. రెండు విద్యలూ ఒకే చేతిలో, ఒకదాన్నొకటి చెరుపుకోకుండా ఉండవచ్చునని నాకు ధైర్యం వచ్చింది అప్పుడే.

క్రెషెండో అని రాసి ఉన్నచోట నేను వెంటనే గట్టిగా వాయించేసేవాణ్ణి. ధ్వనిని క్రమంగా పెంచమని ఆ మాటకు అర్థం. “మొదట్లోనే అంతా ఇచ్చేస్తే ఆకర్న ఏటిస్తావు?” అని నవ్వేది. “ఆ మాట కనపడగానే సెయ్యి తగ్గించు. తగ్గితేనే పెరగడానికి సోటుంటాది.” ఇవాళ చదివేవారికి ఇది చిన్న కిటుకులా అనిపించవచ్చు. కానీ మా నాన్నతో వాదించేటప్పుడు కూడా నేను ఆ పద్ధతే పాటించి బాగుపడ్డాను.

ఒక ఆదివారం బృందాన్నంతా నది అవతలి ఒడ్డున దలాలో ఉన్న తన అక్కగారింటికి చేపల కూర భోజనానికి తీసుకెళ్లింది. నది దాటడానికి పడవలు మాట్లాడుకున్నాం. నేనూ ఆవిడా ఒక పడవలో ఎక్కాం. అప్పటికి నెల రోజులుగా రుబాటో దగ్గర తంటాలు పడుతున్నాను. వెనకటి శతాబ్దపు ఐరోపా స్వరకర్తలకు అదంటే ప్రాణం. మనసు ఎక్కడ తడబడితే అక్కడ లయ కూడా సాగుతుంది, మళ్లీ అందుకుంటుంది. నేను సాగదీస్తే మాత్రం సాగుతూనే ఉండేది. నది నడుమ పోటు గట్టిగా తగిలింది. వెనక నిలబడి తెడ్డు వేస్తున్న మనిషి ఒక్క క్షణం ఊరుకుని, నీటిని పోనిచ్చి, తర్వాత త్వరత్వరగా వేశాడు.

“సూసినావా?” అన్నది డా మే. “రుబాటో అంటే దొంగిలించిన కాలం. ఆగినాడు, నీటికి లొంగినాడు. మరి గట్టుకి ఎప్పుడు సేరాలో అప్పుడే సేరతాడు. దొంగిలించినది తిరిగిచ్చీయాల.”

“ఇవ్వకపోతే?”

“అప్పుడది రుబాటో కాదు, బద్దకం.”

పడవవాడికి తెలుగు రాదు కానీ, మేం ఎందుకంతగా నవ్వుతున్నామో అని తానూ నవ్వాడు.

మా నాన్న రేవులో కూలీల మేస్త్రి. కొడుకు బొమ్మల హాల్లో ఫిడేలు వాయించడం ఆయనకు తలవంపుగా ఉండేది. ఎవరినో పట్టుకుని బియ్యం మిల్లులో నాకు గుమస్తా పని ఖాయం చేశాడు. “సోమవారం ఎళ్లి సేరు. నీకు పిల్లనిచ్చేవోడు ఫిడేలు సూసి ఇవ్వడు,” అన్నాడు. సరిగ్గా ఆ వారమే మా హాలుకి ఒక కొత్త బొమ్మ వచ్చింది. యుద్ధంలో కూలిపోయిన ఊళ్లో ఒక తల్లి రాళ్లకుప్పల మధ్య బిడ్డను వెతుకుతూ పరుగెత్తే ఘట్టం అందులో ప్రాణం. హాలు యజమాని ఊ తిన్ ఆ ఘట్టానికి వాల్ట్జ్ వాయించమన్నాడు. మూడు దెబ్బల నాట్య లయ అది. జనం కాళ్లూపుతారు, మళ్లీ వస్తారని ఆయన లెక్క. డా మే కలకత్తా నుంచి ఓడలో తెప్పించుకున్న కొత్తరకం సంగీతం తీసింది. పాత పద్ధతిలో పాట ఎంత దూరం తిరిగినా చివరికి ఆధార స్వరానికి, అంటే ఇంటికి, వచ్చి తీరుతుంది. ఐరోపా యుద్ధం నాటికి కొందరు స్వరకర్తలు ఆ ఇంటిని తీసేశారు. పక్కపక్క స్వరాలను ఒకేసారి మోగిస్తే పుట్టే ఒరిపిడిని డిసోనెన్స్ అంటారు. దాన్ని సర్దకుండా అలాగే వదిలేశారు.

“ఈ గోల విని ఎవరు కూర్చుంటారు?” అని ఊ తిన్ బర్మీస్‌లో కేకలేశాడు.

డా మే గొంతు పెంచలేదు. శనివారం మధ్యాహ్నం ఆట ఆయన చెప్పినట్టు వాయిస్తామనీ, సాయంత్రం ఆట తను చెప్పినట్టు వాయిస్తామనీ, రెండుసార్లూ ఆయన వెనక నిలబడి తెరను కాకుండా జనాన్ని చూడాలనీ చెప్పింది. ఓడిపోతే పియానో వదిలేసి వెళ్లిపోతానన్నది. ఊరికే అన్న మాట కాదని మాకు తెలుసు.

మధ్యాహ్నం వాల్ట్జ్ వాయించాం. తెర మీద ఆ తల్లి రాయి తగిలి తూలింది. ఆ తూలడం సరిగ్గా లయలో మొదటి దెబ్బ మీద పడింది. హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు నా వీపుకి తగిలింది, వాయిస్తూనే సిగ్గుపడ్డాను.

సాయంత్రం ఆటకి మా నాన్న వచ్చాడు. నన్ను ఇంటికి తీసుకుపోదామని వచ్చినవాడు, ఆట మొదలైపోవడంతో వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఆ ఘట్టంలో నాకున్నది ఒక్కటే స్వరం. పైస్థాయిలో, వినీవినిపించనంత సన్నగా, కంపం లేకుండా నిలపాలి. నేను కమాను తీగకు ఆనించి తీసేయడం డా మే చూసింది. “బయమేస్తే బయంతోనే వాయించు. ఆ తల్లికీ బయమే,” అని గొణిగి, పియానో మీద ఒరుసుకునే స్వరాలను ఒక్కొక్క గుప్పెడే వేయసాగింది. నేను ఆ స్వరం పట్టుకుని నిలబడ్డాను. హాల్లో ఎప్పుడూ ఆగని, పుచ్చగింజలు కొరికే చప్పుడు ఆగిపోయింది. తల్లి మళ్లీ తూలింది. ఎవరూ నవ్వలేదు. మా వెనక ఒక ఆడమనిషి “అయ్యో, అటు కాదు, అటు కాదు” అని తెరతో మాట్లాడటం వినిపించింది.

దీపాలు వెలిగాక ఊ తిన్ మా దగ్గరికొచ్చాడు. “చెవికి బాగుందని మాత్రం నేననను,” అన్నాడు.

“బాగుండకూడదు కదండీ,” అన్నది డా మే.

ఆయన ఖాళీ అవుతున్న బల్లల వైపు చూసి, “అలాగే ఉంచండి,” అని వెళ్లిపోయాడు.

బయట నాన్న నిలబడి ఉన్నాడు. ఇద్దరం ఇంటిదారి పట్టాం. “ఆ సన్నగా పట్టుకున్నది నువ్వేనేట్రా?” అన్నాడు రెండు వీధులు దాటాక. అవునన్నాను. “సరేలే. మిల్లోళ్లని ఇంకో మనిషిని సూసుకోమంటాను,” అన్నాడు.

ఆ తర్వాత కొన్నేళ్లకే బొమ్మకు మాటొచ్చింది. హాల్లో పెద్ద పెద్ద బాకాల పెట్టెలు బిగించి మమ్మల్ని పంపించేశారు. మేమంతా దిగాలుగా ఉంటే డా మే సామాను సర్దుకుంటూ, “బొమ్మకి గొంతొచ్చింది, మంచిదే. మన సేతులెక్కడికీ పోనేదు కదా,” అన్నది. వారం తిరక్కుండా ఒక గది అద్దెకు తీసుకుని పాఠాలు మొదలుపెట్టింది. నన్నూ ఊరుకోనివ్వలేదు, తనే వెతికి నా దగ్గరికి ఒక విద్యార్థిని పంపింది. ‘నాకేం వచ్చని నేర్పను?’ అంటూ ఆవిడ దగ్గరికి పరుగెత్తుకెళ్లాను.

“నాను సెప్పినదంతా నీకు గురుతుందా?”

“ఒక్క మాట పోలేదు.”

“అయితే అందులో ఒక్కటీ సెప్పకు. అవి నీకోసం ఎతికిన మాటలు. ఆ పిల్లకి ఏటి కావాలో ఆ పిల్లని సూసి ఎతుక్కో.”

ఆవిడ పోయి ఎన్నో ఏళ్లయింది. నేను ఇంకా పాఠాలు చెబుతూనే ఉన్నాను. ఆవిడను ఎరగనివారి కోసం కనుక ఆ మాటలన్నీ ఇక్కడ రాశాను. నా విద్యార్థుల్లో మాత్రం ఒక్కరూ వాటిని నా నోట వినలేదు. కొత్తవాళ్లెవరైనా వచ్చి ఫిడేలు ఎత్తితే, ముందు వాళ్లను చివరిదాకా వాయించనిస్తాను. తర్వాత వాళ్లకు సరిపడే మాట కోసం వెతుకుతాను. అది దొరికేదాకా పాఠం మొదలుపెట్టను.